ఇంటి బీరు ఒంటికి మంచిదట!

"ఇంట్లో చేసింది" అన్న మాటకి మన ఆడవాళ్ళం ఎంత సులువుగా పడిపోతామో చెప్పలేను. బజారు ఆవకాయ అంటే మూతి ముడుచుకునే మనం, ఎవరింటికో వెళ్ళినప్పుడు ఆవిడ "ఇది ఇంట్లో పెట్టిందేనండీ" అని ఒక్క ముక్క అంటే చాలు, కారం తక్కువైనా నూనె ఎక్కువైనా రెండో ముద్దకి కూడా చెయ్యి చాస్తాం. ఇంట్లో కొట్టిన కారం, ఇంట్లో దంచిన పసుపు, ఇంట్లో పట్టిన కాటుక - వీటికున్న పరువు కొన్నవాటికి లేదు. నేనూ ఆ కోవలోదాన్నే. అందుకే మొన్న 2024 చివర్లో మా చెల్లెలింట్లో నాకు తగిలిన దెబ్బ సరిగ్గా ఆ బలహీనత మీదే తగిలింది.

ఇంట్లో కాచిన బీరండీ!

కంగారు పడకండి, మొదట్నించీ చెబుతాను.

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. దానికి రెండో కాన్పు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అంతసేపు విమానంలో కూర్చోలేనంది. పెద్దదాన్ని కనక నేనే బయల్దేరాను. శొంఠి, వాము, మిరియాలు, వెల్లుల్లి కారం, బాలింత కాయం - ఇవన్నీ పెట్టెలో పెట్టుకుని, ఆ కాయం ఏమిటో కస్టమ్సువాళ్ళకి ఇంగ్లీషులో చెప్పలేక నానా అవస్థా పడి, మొత్తానికి మంచు కురుస్తున్న రోజున వాళ్ళింటికి చేరాను.

మర్నాడు బియ్యం తెద్దామని గరాజ్‌లోకి వెళ్ళాను. అక్కడ బియ్యం బస్తాలు పెడతారు, కారు మాత్రం బయట మంచులో ఉంటుంది. అదేమిటో నాకర్థం కాదు. చీకట్లో ఒక మూల నించి "బుడుంగ్... బుడుంగ్..." అని చప్పుడు. గుండె ఝల్లుమంది. దీపం వేసి చూద్దును కదా, బిందెడు పట్టే పెద్ద గాజు జాడీ, దానికి దుప్పటి కప్పి ఉంది. మూతికి ఒక చిన్న గొట్టం, అందులో నీళ్ళు, ఆ నీళ్ళలోంచి ఉండుండి ఒక బుడగ. పక్కన వరసగా సీసాలు. సీసాల మీద అందమైన తెలుగు అక్షరాలతో అచ్చు వేయించిన కాగితాలు - "బలామృతం."

ఏదో ఆయుర్వేదం అనుకున్నాను, సత్యప్రమాణంగా.

మా మరిది ఇంజనీరు. మంచివాడు. మాట తీరు మెత్తన, వదినగారంటే గౌరవం. సాయంత్రం ఆఫీసు పని ముగించుకుని నన్ను గరాజ్‌కి తీసుకెళ్ళి, గుళ్ళో పూజారి మూర్తులు చూపించినట్టు ఒక్కొక్కటే చూపించాడు. నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయిస్తారట. మనం రాగులకి చేసేదదే కదా! ఆ గింజల్ని నలగ్గొట్టి చెయ్యి పట్టలేనంత వేడి నీళ్ళలో గంట సేపు నాననిస్తే, గింజలోని పిండి తియ్యటి పానకంగా మారుతుంది. ఆ పానకం వడగట్టి, "హాప్స్" అని ఒక తీగెకి కాసే చేదు పువ్వులు వేసి మరగబెడతారు. చల్లార్చి ఈస్టు వేస్తారు. అక్కణ్ణించి మొదలవుతుంది ఆ బుడుంగులు. రెండు వారాలయ్యాక సీసాలకెత్తి, సీసా సీసాకీ కాస్త పంచదార వేసి బిగించి, ఇంకో రెండు వారాలు ఆగాలి. ఆ చివరి పంచదారే సీసాలో నురుగవుతుంది.

శుభ్రత మాట చెప్పాలంటే మనం ఆవకాయ జాడీలు కడిగే తీరు అతని ముందు దిగదుడుపే. ప్రతి గరిటా, ప్రతి గొట్టం ఏదో మందు నీళ్ళలో ముంచి తీయాల్సిందే. ఒక్క పూట తేడా వస్తే జాడీ అంతా పులిసి పారబొయ్యాలట. "చూశావా అక్కా, నేను కాస్త కందిపొడి ఆడమంటే తీరిక లేదంటారు. ఇక్కడ ఆదివారం ఆరేసి గంటలు నించుంటారు!" అంది చెల్లెలు పొట్ట మీద చెయ్యేసుకుని నవ్వుతూ.

ఇక్కడ ఇలా కాచుకోవడం దొంగతనం కాదు. 1978లో కార్టరు అధ్యక్షుడుగా ఉన్నప్పుడు చట్టం చేశారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి నూరు గ్యాలన్లు, ఇద్దరుంటే రెండు వందలు, పన్ను లేకుండా సొంతానికి కాచుకోవచ్చు. మా చెల్లెలు చుక్క ముట్టదు గానీ, ఆ లెక్కలో దాని వాటా నూరు గ్యాలన్లు కూడా మరిదివే! మన దగ్గరైతే అబ్కారీవాళ్ళ అనుమతి లేకుండా ఇంట్లో కాయడం నేరం. అయినా చాటుగా కాచే కుర్రాళ్ళు లేకపోలేదు. హైదరాబాదులో అయితే ఎదురుగా కాచి గ్లాసులో పోసే హోటళ్ళు కూడా వచ్చాయి కొన్నేళ్ళుగా. వాటి గురించి మాట్లాడేవాళ్ళ నోటా ఇదే మాట - "తాజా సరుకండీ, మందులేం కలపరు, ఒంటికి మంచిది."

అదిగో, ఆ చివరి రెండు మాటల దగ్గరే నా తగువు.

తాగేవాడు "నాకిష్టం, తాగుతున్నాను" అంటే అది వేరే తగువు. దానికి మన దగ్గర వేరే సమాధానాలున్నాయి. "ఒంటికి మంచిదని తాగుతున్నాను" అన్నప్పుడే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకంటే మొదటి మాటకి ఆడది ఎదురు చెప్పగలదు. రెండో మాటకి చెప్పలేదు. ఆరోగ్యానికి అడ్డుపడ్డ ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా?

మరిది వాదం న్యాయంగా మీ ముందు పెడతాను. కంపెనీ బీరుని చాలామటుకు వడకట్టేస్తారు, పైగా వేడిచేసి అందులోని జీవం చంపేస్తారు. పాలని పాశ్చరైజు చేస్తారని మనం చదువుకున్నామే, ఆ పాశ్చరు మహాశయుడే 1876లో బీరు ఎందుకు చెడిపోతుందో పరిశోధించి పెద్ద పుస్తకం రాశాడు. నిలవ ఉండడానికి ఆ వేడి. అతని సీసాలో మాత్రం ఈస్టు బతికే ఉంటుంది, అడుగున మడ్డిలా పేరుకుంటుంది. ఆ మడ్డి నిండా బి విటమిన్లు. పై రంగులూ, నురుగు నిలిపే మందులూ ఏమీ ఉండవు. "కంపెనీవాడు ఏం కలుపుతాడో ఎవడికి తెలుసు వదినగారూ!" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. 1965, 66లలో కెనడాలోని క్వెబెక్ నగరంలో, నురుగు బాగా నిలవాలని బీరులో కోబాల్టు లవణాలు కలిపారు. విపరీతంగా తాగే అలవాటున్నవాళ్ళకి గుండె జబ్బు పట్టుకుని ఇరవై మంది దాకా పోయారు. కంపెనీవాణ్ణి వెనకేసుకు రావడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. ఆ మాటకొస్తే మన ఊళ్ళలో "స్ట్రాంగు" అని రాసి అమ్మే 650 మిల్లీల సీసా ఉందే, ఎనిమిది శాతం లెక్కన అందులో నలభై గ్రాముల ఆల్కహాలుంటుంది. అమెరికాలో ఒక మోతాదు అని లెక్కకట్టేది పధ్నాలుగు గ్రాములు. అంటే మనవాడు "ఒక్క బీరే కదా" అని వచ్చి పడుకుంటే, పడుకున్నది మూడు బీర్ల మనిషన్నమాట.

నేను బి.ఏ. చరిత్ర చదివినదాన్ని కనక ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. బీరు కాయడం మొదట ఆడవాళ్ళ పనే. సుమేరు ప్రజలకి బీరు దేవత ఒకావిడ ఉండేది, నిన్‌కాసి అని పేరు. మధ్యయుగాల ఇంగ్లండులో రొట్టె కాల్చినట్టే ఇల్లాలు బీరు కాచి, మిగిలింది అమ్ముకునేది. జార్ఖండు, ఒడిశాలలో బియ్యంతో చేసే హండియా ఇవాళ్టికీ ఆడవాళ్ళ చేతి వంటే. ఆ కాలపు ఇంటి బీరులో చాలా మటుకు పలచన. మరగబెట్టిన నీళ్ళతో చేసింది కనక చెరువు నీళ్ళకన్నా నయంగా కూడా ఉండేదేమో. పొలంలో ఒళ్ళు వంచినవాడికి అది సగం తిండి. కుళాయి తిప్పితే మంచి నీళ్ళొచ్చే ఇంట్లో, పగలంతా కుర్చీలో కూర్చునే మనిషికి ఆ న్యాయం ఎలా వర్తిస్తుందో మా మరిది చెప్పలేదు.

ఇంతవరకూ అయితే నేను నవ్వి ఊరుకునేదాన్నే. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమంగా ఇంటికొచ్చారు. మూడో రోజుకి పాలు సరిగ్గా పడలేదని చెల్లెలు కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేను వంటింట్లో వెల్లుల్లి వేయిస్తున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మరిది చేతిలో నల్లటి సీసా, గ్లాసు.

"స్టౌటు వదినగారూ. బాలింతలకి పాలు పడతాయిట. ఇక్కడి పాతకాలపు వైద్యం. నేను కాచిందే, కల్తీ ఏమీ లేదు."

నా చేతిలో అట్లకాడ ఉంది. ఆ సంగతి అతనూ గమనించాడు.

"ఆ సీసా అక్కడ పెట్టండి మరిదిగారూ" అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. అనాల్సినవి తరవాత అన్నాను.

పాలిచ్చే తల్లి తాగిన ఆల్కహాలు ఆవిడ నెత్తుట్లో ఎంతుందో పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. అరగంట, గంట లోపల బాగా ఎక్కుతుంది, ఒక మోతాదు దిగిపోవడానికి రెండు గంటల పైనే పడుతుంది. పాలు పడడం మాట దేవుడెరుగు, పాలు చేపు రావడానికి కావలసిన హార్మోనునే ఆల్కహాలు అణిచేస్తుంది. అలాంటి సమయంలో పిల్లలు తాగే పాలు తగ్గుతాయని పరీక్షించి చూశారు. మరి ఆ పాతకాలపు నమ్మకం ఎక్కణ్ణించి వచ్చిందీ అంటే, బార్లీ నించి. బార్లీలో ఉన్న ఒక పీచు పదార్థానికి పాలు పట్టే గుణం ఉందంటారు. సరే, అయితే బార్లీ జావ కాచి ఇవ్వండి! మన ఇళ్ళల్లో బార్లీ డబ్బా లేనిదెక్కడ? ఒంట్లో వేడి చేసిందంటే, మూత్రం మంటంటే అమ్మ కాచేది అదేగా. గింజలో ఉన్న మంచిని గింజతోనే ఇవ్వకుండా, దాన్ని నెల రోజులు పులియబెట్టి, మత్తు కలిపి బాలింత నోట్లో పొయ్యడం ఏం వైద్యమండీ?

ఆ రాత్రి పిల్లకి పాలిస్తూ చెల్లెలు అసలు సంగతి చెప్పింది. కిందటేడు మరిదికి రక్తపరీక్ష చేస్తే కాలేయం లెక్కలు ఎక్కువొచ్చాయట. స్కానింగు తీస్తే కొవ్వు పట్టిందన్నారు. తాగుడు తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మరిది బుద్ధిమంతుడు, డాక్టరు మాట జవదాటలేదు. ఆ వారంలోనే బజారు నించి బీరు తేవడం మానేశాడు. ఇంట్లో కాయడం మొదలుపెట్టాడు!

"మరి నువ్వేమన్నావే?"

"ఏమంటాను అక్కా? అందులో మందులవీ ఉండవు, విటమిన్లుంటాయన్నారు. బయటికెళ్ళి తాగి కారు నడుపుకుంటూ రావడం లేదు. ఇంట్లోనే ఉంటున్నారు కదా అనుకున్నాను."

ఇంట్లోనే ఉంటున్నాడు కదా! ఆ ఒక్క మాటకి మనం ఎన్ని మింగాం, తరతరాలుగా! నాకు నిద్ర పట్టలేదు. నేను ఆర్ట్సుదాన్ని, రసాయన శాస్త్రం నాకు రాదు. నవలలు రాసుకునేదాన్ని. అయినా పసిపిల్ల ఉన్న ఇంట్లో రాత్రుళ్ళు ఎలాగూ మేలుకునే ఉంటాం కనక, ఆ నాలుగు వారాలూ కూర్చుని చదివాను.

మొదటి సంగతి - కాలేయానికి చదువు రాదు. సీసా మీద కంపెనీ పేరుందో, "బలామృతం" అనుందో అది చదవలేదు. దానికి తెలిసింది ఆల్కహాలు ఎన్ని గ్రాములన్నదే. గ్రాముకి ఏడు కేలరీలు, ఇంట్లో కాచినా అంతే, బజార్లో కొన్నా అంతే. పాశ్చరైజు చేస్తే ఈస్టు చస్తుందేమో గానీ, చెయ్యకపోతే ఆల్కహాలు చావదు కదా! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది, ఇంత వరకూ తాగితే ప్రమాదం లేదు అని చెప్పగలిగే మోతాదేదీ లేదని. కేన్సరు కలిగించే పదార్థాల్లో మద్యాన్ని మొదటి తరగతిలో చేర్చింది 1988లోనే. ఆడవాళ్ళకైతే రొమ్ము కేన్సరు ముప్పు కొద్దిపాటి తాగుడుతోనే మొదలవుతుంది. ఆ పరిశోధకులెవరూ ఇంటి బీరుకి మినహాయింపు ఇవ్వలేదు.

రెండోది విటమిన్ల సంగతి. ఇది చదివినప్పుడు మాత్రం అర్ధరాత్రి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మడ్డిలో బి విటమిన్లున్న మాట నిజం. వడకట్టని బీరులో వడకట్టినదానికన్నా కాస్త ఎక్కువుంటాయి, అదీ నిజం. కానీ బతికున్న ఈస్టు తన థయమిన్‌ని - అదే బి-1 - మనకి సులువుగా వదలదుట. పైపెచ్చు మన పేగులో ఉన్నదాన్ని కూడా తనే లాక్కుంటుందని 1940లలోనే తేల్చారు. అంటే మరిది గొప్పగా చెప్పుకునే ఆ "జీవం" పెట్టేది కాదు, పట్టుకుపోయేది! ఇహ ఆల్కహాలు చేసే పని, థయమిన్‌నీ ఫోలిక్ ఆమ్లాన్నీ ఒంటికి పట్టకుండా అడ్డుకోవడం. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకి మతి తప్పి, కాళ్ళు తడబడి ఆస్పత్రికి తీసుకొస్తే, డాక్టరు మొట్టమొదట ఎక్కించేది ఆ బి-1 సూదిమందే. ఏ విటమిన్ పోగొట్టే సరుకో, ఆ విటమిన్ కోసమే ఆ సరుకు తాగమనడం! దొంగ చేతికి తాళాలిచ్చి పైగా దక్షిణ పెట్టినట్టుంది.

ఇంకొకటి. ఆ మడ్డిలోనే ప్యూరిన్లు అనేవి పుష్కలంగా ఉంటాయి. ఒంట్లో యూరిక్ ఆమ్లాన్ని పెంచేవవే. బొటనవేలి కీలు వాచి, దుప్పటి తగిలితేనే కేకలు పెట్టే జబ్బుంది చూశారూ, అది ఉన్నవాళ్ళకి బీరు మొదటి శత్రువు. అందులోనూ మడ్డితో ఉన్న బీరు!

ఈ సందర్భంలో మన ఇళ్ళల్లో జరిగే ఒక వైద్యం గురించి చెప్పకుండా ఉండలేను. "కిడ్నీలో రాళ్ళున్నాయా, రోజూ బీరు తాగించండి, కరిగిపోతాయి." ఈ మాట నాకు చెప్పింది తాగుబోతులు కాదు, పట్టుచీరలు కట్టుకుని పేరంటానికొచ్చిన ఇల్లాళ్ళు. మా వీధిలో ఒకావిడ మొగుడికి తనే ఫ్రిజ్‌లో పెట్టి అందించేది, మందు వేళ తప్పకూడదని! బీరు తాగేవాళ్ళలో రాళ్ళు కొంచెం తక్కువ కనిపించాయని కొన్ని పరిశీలనలు ఉన్నాయి. లేవనను. అంతమాత్రాన అది వైద్యం కాదు, ఉన్న రాయిని బీరు కరిగించదు, యూరిక్ ఆమ్లం రాళ్ళవాడికైతే ఉన్నది చాలక ఇంకోటి పెడుతుంది. మూత్రం ధారాళంగా రావాలంటే మంచినీళ్ళున్నాయి. వాటికి అబ్కారీ పన్ను కూడా లేదు.

మూడోదాన్ని మాత్రం నేను పుస్తకంలో చదవలేదు, గరాజ్‌లోనే కనిపెట్టాను. మన దగ్గర కంపెనీవాడు ఎంత చెడ్డవాడైనా సీసా మీద ఎంత శాతమో రాసి చస్తాడు, చట్టం వాడి పీక మీద కూర్చుంది కనక. మరి బలామృతంలో ఎంత?

"అయిదుంటుంది వదినగారూ, మామూలే" అన్నాడు మరిది.

"అయిదుంటుందా, అయిదుందా?"

పాపం, ఇంజనీరు కదా, పౌరుషం వచ్చింది. ప్రతి కాపుకీ నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటాడు, పానకం చిక్కదనం కాచిన రోజున ఎంత, పులిశాక ఎంత అని. రెండింటికీ తేడా కట్టి గుణిస్తే శాతం వస్తుంది. అంకెలు రాయడమే గానీ గుణించి చూసుకోలేదు అన్నాళ్ళూ. నా ఎదురుగా చూశాడు. మొదట 1.072, చివర 1.016. గుణించాడు. మళ్ళీ గుణించాడు. ఏడు శాతం దాటి, ఏడున్నరకి దగ్గిర.

355 మిల్లీల సీసాలో ఇరవై గ్రాముల పైమాటే. అంటే ఒక సీసా తాగాననుకున్నప్పుడల్లా ఒకటిన్నర తాగుతున్నాడు. రోజుకి రెండు అనుకుంటే మూడు. ఆల్కహాలు కేలరీలే సీసాకి నూట నలభై పైన, మిగిలిన తీపి కాక. రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటున్నానని నాకు గొప్పగా చెప్పిన మనిషి! పైగా ఒక్క కాపు కాస్తే యాభై సీసాలు. ఇంట్లో పండిన సొరకాయలు చూశారుగా, ఒకేసారి పది కాస్తే ఆ పదీ అయిపోవాలని రోజూ అదే కూర. గరాజ్‌లో ఇంకో జాడీ బుడుంగుమంటూ ఉంటే ఈ యాభైకీ చోటు ఖాళీ చెయ్యొద్దూ?

న్యాయంగా ఒకటి చెప్పాలి. బీరు సారా కాదు. బట్టీ పెట్టి తీసేది కాదు. నాటుసారా తాగి చూపు పోయినట్టు, ప్రాణం పోయినట్టు ఇంటి బీరుతో జరగదు. ఆ పోలిక తెచ్చి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు కొంగు బిగించినప్పుడు, సర్కారు వేలం పాడిన సారానా, తోటలో కాచిన సారానా అని బేరీజు వెయ్యలేదని మాత్రం గుర్తు చేస్తాను. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో మద్యమంతా ఆగింది, 1997లో మళ్ళీ మొదలైంది. ఆ మధ్య కాలంలో ఇళ్ళల్లో కాచింది ఎంత పారిందో ఆ రోజుల్లో ఊళ్ళలో ఉన్నవాళ్ళకి తెలుసు. అప్పుడు ఎవరూ దాన్ని "ఇంటి తయారీ, తాజాది" అనలేదు. చదువుకున్నవాళ్ళం మనమే ఆ సొగసు కనిపెట్టాం.

అన్నట్టు, ఇంటి పులుపు మీద నాకు పగేం లేదు. చిన్నప్పుడు కోనసీమలో మా అమ్మమ్మగారింట్లో వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. గంజి, కాసిని మెతుకులు, ఉప్పు, రెండు దబ్బాకులు. రోజూ కొత్త గంజి పోస్తూ ఉంటే ఆ కుండ ఏడాది పొడుగునా పులుస్తూనే ఉండేది. పొద్దున్నే ఆ తేటలో అన్నం కలిపి, ఆవకాయ బద్ద పెట్టి పిల్లలకీ, కోడళ్ళకీ పెట్టేది. మగవాళ్ళకి కాఫీ, ఇడ్లీ! తరవాణి అంటే లేనివాళ్ళ తిండి, ఆడవాళ్ళ తిండి అని చిన్నచూపు. కుండలో పులియబెట్టినంత మాత్రాన మత్తు రావాలని లేదండీ, పుల్లబడి ఊరుకునే పులుపులు మన వంటిల్లు నిండా ఉన్నాయి. ఇడ్లీ పిండి పులిస్తే కొన్ని బి విటమిన్లు పెరుగుతాయి. చద్దన్నం, అంబలి, మజ్జిగ - వీటికోసం ఏ అధ్యక్షుడూ చట్టం చెయ్యక్కర్లేదు. తరవాణితో రోగాలు కుదురుతాయని నేననను. అంటే నాకూ మా మరిదికీ తేడా లేకుండా పోతుంది. కడుపు చల్లగా ఉంటుంది, ఆకలి తీరుతుంది. అంతే. అయితే ఒకటి గమనించండి. ఇన్నేళ్ళల్లో ఈ పులుపుల్ని "జీవమున్న ఆహారం" అని పొగిడి, ఆదివారం ఆరుగంటలు వాటికోసం నించున్న మగవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. మత్తులేని విటమిన్ మీద ఎవరికీ అంత శ్రద్ధ పుట్టదేం?

ఈ మాటలన్నీ మరిదితో అన్నానా అంటే, అన్నాను. ఒక్కరోజున కాదు, నాలుగు వారాల్లో, వడ్డిస్తూ, పిల్లని ఊపుతూ, కాస్త కాస్తగా. అతను కోప్పడలేదు. ఒకసారి మాత్రం "మీరు ప్రతిదాన్నీ నవల చేస్తారు వదినగారూ" అన్నాడు. తిరిగి వచ్చే ముందు రోజు గరాజ్‌లోకి వెళ్ళి చూస్తే సీసాల మీద "బలామృతం" కాగితాలు లేవు. గీకేసిన జిగురు మరకలున్నాయి. ఆ పక్కనే చిన్న కాగితం మీద ఇంగ్లీషులో అంకె - 7.35. సీసాలు మాత్రం ఎన్నున్నవి అన్నీ ఉన్నాయి. లెక్కపెట్టాను, నలభై ఒకటి.

నేను పోతూ పోతూ ఒక పని చేశాను. గదులు వేడెక్కించే యంత్రం పక్కన, అతని రెండో జాడీ సరసనే, ఒక మట్టి మూకుట్లో తరవాణి వేసి వచ్చాను. చలికి పులుస్తుందో లేదో అనుకున్నాను. వారం తిరక్కుండా ఫోను.

"వదినగారూ, మీ కుండ వాసనేస్తోంది. ఈస్టు పట్టిందేమోనని చూశాను, పులుపు కొలిచే కాగితం ముంచాను. నా బీరుకన్నా పుల్లగా ఉంది. దీన్నేం చెయ్యమంటారు?"

పిల్ల వెనకాల ఏడుస్తోంది. చెల్లెలు నవ్వు వినిపిస్తోంది.

"గంజి పోస్తూ ఉండండి" అన్నాను. "రోజూ పొయ్యాలి. మర్చిపోతే చెడిపోతుంది."